యారాడ సముద్రంలో గురి బల్ల

ఎనభైల చివర్లో నేను స్టీల్ ప్లాంటు నిర్మాణంలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. లేజర్ క్షిపణుల గురించి ఓ పత్రికలో చదివిన దగ్గర్నుంచీ నాకు అదే ధ్యాస. విమానం కంటికి కనబడని కాంతిని గురి మీద నిలిపి ఉంచుతుందట, క్షిపణి ఆ కాంతి పడిన చోటికే వెళ్లి కొడుతుందట. ఆదివారం పది గంటలకు యారాడ ఎదుట అలాంటి పరీక్ష ఉంటుందని, పొద్దున్నే ఊళ్లో దండోరా వేశారని శనివారం మా సైట్లో పనిచేసే అప్పన్న చెప్పాడు. ఇక ఆగుతానా!

గాజువాకలో ఆరింటికి సిటీబస్సెక్కి సింధియా దగ్గర దిగాను. టికెట్ రూపాయి లోపే. అక్కణ్ణుంచి కొండదారిన గంటన్నర నడక అన్నారు గానీ నాకు రెండు గంటలు పట్టింది. ఒడ్డున నూకాలమ్మ అనే ఆవిడ పాక హోటల్లో ఇడ్లీ తింటూ, అడక్కపోయినా నా పాండిత్యమంతా ఒలకబోశాను. దూరంగా నీళ్లలో లంగరేసి ఉన్న, క్షిపణి కొట్టాల్సిన గురి బల్లను చూపించి, "ఇదివరకటి గుండ్లలా కాదమ్మా, ఇది గురి తప్పదు" అన్నాను.

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏటి బాబూ, తప్పదా? గుండ్లు ఎప్పుడూ దూరంగానే పడతాయి గదాని ఊరుకున్నాను. మా ఇంటాయన ఆ బల్ల కాడే ఉన్నాడు. శుక్రవారం సందేళే ఎల్లిపోనాడు, దండోరా ఇన్లేదు. బల్ల నీడకి సేపలు సేరతాయని అక్కడే వలేత్తన్నాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. బల్ల పక్కన నల్లటి చుక్కలా తెప్ప నాకూ కనబడింది. తొమ్మిదిన్నర అయింది. నేవీ వాళ్లకెవరికైనా చెబుదామన్నా కొండ దాటేసరికి పది దాటిపోతుంది. ఒడ్డున ఉన్న తెప్ప ఏదీ అంతలో అక్కడికి చేరదు. "కాంతి నిలపాలంటే పైలట్ ఆ బల్లనే చూస్తుండాలమ్మా. మనిషిని చూడకుండా ఉండడు" అన్నాను. నా మాట నాకే నమ్మకంగా లేదు.

పదికి విమానం వచ్చింది. బల్ల మీదుగా వెళ్లి తిరిగొచ్చింది. రెండోసారి బాగా కిందికి దిగింది. నూకాలమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మూడోసారీ తిరిగి, ఏమీ వదలకుండానే తూర్పుకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం తెప్ప ఒడ్డుకొచ్చింది. బుట్ట నిండా చేపలు. నూకాలమ్మ ఏడుస్తూ మొగుణ్ణి రెండు గుద్దులు గుద్దింది. అతనికేమీ అర్థం కాలేదు.

"ఇమానం మూడుసార్లు కిందకొచ్చింది బాబూ. సేపలు సూత్తన్నారేటోననుకుని నాను సెయ్యూపినాను" అన్నాడు నాతో. నేను జరిగిందంతా చెప్పి, రేపు మళ్లీ వస్తారేమో అన్నాను. బుట్టకేసి చూసి, "అయితే రేపు పెందలాడే ఎల్లొచ్చేత్తాను" అన్నాడు. నూకాలమ్మ తడిసిన వల విప్పి ఆరబెట్టడం మొదలుపెట్టింది.

క్షిపణి చూడాలనే సరదా నాకు ఆ రోజుతో తీరిపోయింది. ఆ పైలట్ ఎవరో తెలియదు గానీ, అతను చూశాడు, ఆగాడు. మర్నాడు కూడా చూస్తాడా అనే భయం మాత్రం చాలా రోజులు నన్ను వదల్లేదు. యారాడ వెళ్లి తెప్ప ఎక్కాలనుకునేవాళ్లకు ఒక్క మాట: దండోరా వేశారా అని ఊళ్లో అడిగితే చాలదు, మిమ్మల్ని తీసుకెళ్లేవాడు దాన్ని విన్నాడో లేదో అడగండి.