మమ్మల్ని నమ్మి బయటికొచ్చినోళ్ళు

హెలికాప్టర్ దిగేసరికి వాన. తొంభైల చివర్లో మాట. ఆఫ్రికాలో ఒక దేశం. సొంత జనమే రెండుగా చీలి కొట్టుకుంటాండ్రి. ఎర్రమట్టి, మోకాలి దాకా బురద, ఏటి మీద ఇనుప వంతెన. ఇవతల సర్కారు సైన్యం. అవతల తిరగబడినోళ్ళు. మధ్యలో మేము, ఐక్యరాజ్యసమితి పంపిన ఇండియా సిపాయిలం, నీలం టోపీలోళ్ళం.

ఆర్డరు ఒకటే. మన మీద కాలిస్తేనే మనం కాల్చాల.

ఇసక బస్తాలతో బంకరు కట్టుకున్నాం. మా వైర్‌లెస్ ఆపరేటర్ ఓబులేసుది మా నంద్యాల పక్క బండి ఆత్మకూరు. మొదటి వారమే అడిగినాడు.

"అన్నా, ఈ తుపాకులన్నీ యాడ్నుంచి వస్తాండాయి? ఈడ సూది గూడా తయారు కాదంట గదా."

సరిహద్దు దాటి లారీలు వస్తాండె, టార్పాలిన్లు కప్పుకోని. రెండు పక్కలకూ. మేం నంబర్లు చూసి పైకి చెప్తాంటిమి. ఆపే ఆర్డరు లేదు.

మేమొచ్చినామని తెలిసి, అడివిలో దాక్కున్న జనం మెల్లగా బయటికొచ్చినారు. మా ముళ్ళకంచె పక్కనే గుడిసెలు ఏసుకున్నారు. రేకులతో చర్చి లేపినారు. నేను శిరివెళ్ల పక్క పల్లెలో చర్చికి పోతా పెరిగినోణ్ణి. ఆదివారం డ్యూటీ లేకపోతే పోయి వెనక నిలబడేవాణ్ణి. రాగం తెలిసిందే. వాళ్ళ మాటల్లో వాళ్ళు, తెలుగులో నేను పాడేవాళ్ళం. పాస్టరు శామ్యూల్‌కు కొంచెం ఇంగ్లీషు వచ్చు.

"ఇన్నాళ్ళూ మా పిల్లోళ్ళు చెప్పులేసుకోనే పండుకుంటాండ్రి, ఎప్పుడు పరిగెత్తాల్నో అని. మీరొచ్చినాక ఇడిచి పండుకుంటాండారు" అన్నాడొకసారి.

ఆ మాటకు నాకు గర్వమనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గర్వానికే సిగ్గేస్తాది.

వానలు తగ్గినాయి. అవతలి గట్టున బండ్లు ఎక్కువైనాయి. ఒక మధ్యాన్నం మేజర్ సాబ్ పిలిచినాడు.

"పొద్దున ఆరుకు క్యాంపు ఖాళీ. రాజధానికి పోతాండాం. బయట ఎవరికీ చెప్పొద్దు."

మమ్మల్ని వెనక్కి పిలవాలని పెద్ద దేశాలేవో యాడనో కూచొని తీర్మానం చేసినాయంట. ఓబులేసు రేడియో పట్టుకోని రాజధానిలోని పై ఆఫీసర్ను అడిగినాడు.

"జనం సంగతేంది సార్? ఓవర్."

"మీ పని బండ్లు కదిలించడం. ఓవర్."

నేను ఆగలేకపోయినా. సాయంత్రం చర్చి కాడికి పోయినా.

"పాస్టర్, పొద్దున మేం ఉండం. అడివికి పోండి."

ఆయన నా మొగం చూసినాడు. బల్ల మీద కూలబడినాడు.

"మేం అడివిలోనే ఉంటిమి గదా. మిమ్మల్ని చూసే బయటికొచ్చినాం."

కోపంగా అనలేదు. అందుకే తట్టుకోలేకపోయినా.

లేచి గుడిసె గుడిసెకూ పోయి చెప్పినాడు. కొందరు మూటలు కట్టుకోని పోయినారు. చానామంది నమ్మలేదు. మా వంటశాలలో పొగ లేస్తానే ఉంది మరి. పాస్టరు ఉండిపోయినోళ్ళతోనే ఉండిపోయినాడు.

పొద్దున్నే వచ్చేసినాం.

రాజధానిలో రెండోరోజు ఓబులేసు చెవుల్నుంచి హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టినాడు.

"అవతలోళ్ళు వంతెన దాటినారంటన్నా. చర్చి కాల్చినారంట."

అంతకుమించి కబురు రాలేదు. శామ్యూల్ ఏమైనాడో ఈరోజుకీ నాకు తెలీదు.

డ్యూటీ అయిపోయినాక నంద్యాలలో రైలు దిగి, ఆళ్లగడ్డ బస్సెక్కి ఇల్లు చేరినా. మా చర్చిలో పూలదండ ఏసినారు, శాంతి కోసం పోయొచ్చినోడని. ఇంటికొచ్చినాక నాయన అడిగినాడు.

"మీరు పోబట్టి ఆడ కొంతమందైనా బతికినార్రా?"

"మేం పోకపోయింటే వాళ్ళు అడివిలోనే ఉండేవాళ్ళు నాయనా."



మేం వచ్చేసిన ఆ పొద్దున, చివరి బండిలో నేనున్నా. రోజూ ఆ వేళకు మా ట్యాంకరు గుడిసెలోళ్ళకు నీళ్ళు పోసేది. డబ్బాలు, బిందెలు దారెంబడి వరసగా పెట్టుకోని నిలబడినారు. బండి మలుపు తిరుగుతాంటే ఒక ముసలామె వంగి, చక్రానికి అడ్డం రాకుండా తన డబ్బా పక్కకు జరిపింది. మేం దాటుకున్నాక మళ్ళా వరసలో పెట్టి, దాని పక్కనే నిలబడింది.