అత్త ఒళ్ళో పదో నంబరు పానా

షెడ్డు అత్త పోయింది. ఆ సంగతి నాకెవరూ ఫోను చేసి చెప్పలేదు. పొద్దున కాలేజీకి పోతూ సత్తెనపల్లి రోడ్డు మలుపులో చూస్తే షెడ్డు షట్టరు దించి ఉంది. శుక్రవారం కాని రోజున ఆ షట్టరు దించగా నేనెప్పుడూ చూడలేదు. కారు పక్కకు ఆపి టీకొట్టు ఆయన్ని అడిగాను.

"తెల్లారగట్ల పోయిందంటమ్మా. గుండె" అన్నాడు. గ్లాసులు తొలుస్తూ ఇంకో ముక్క చేర్చాడు. "ఇక మేస్త్రికి పనులు గబగబా అవుతయ్‌లే."

చెడ్డ మనసుతో అన్న మాట కాదు. ఊళ్ళో అందరూ అనుకునేదే అన్నాడు. నేను ఏదైనా చెప్పాలంటే 'బహుశా' అని మొదలుపెట్టే మనిషిని. పాఠం చెప్పేటప్పుడు కూడా అంతే. కానీ ఆ మాట మాత్రం ఒప్పుకోలేక ఇది రాస్తున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. మా ఇంటి వెనక సందులో వాళ్ళ ఇల్లు, సందు చివర రోడ్డు మీదికి వాళ్ళ కార్ల షెడ్డు. మా అమ్మ ఆమెను వదినా అనేది కాబట్టి నాకు అత్త. ఆమె భర్త, కార్లు బాగుచేసే మేస్త్రి, నాకు మామ. మామ పనిచేస్తుంటే అత్త షెడ్డు ముందు, చేతులు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గోంగూర వలిచేది. మిరపకాయలకు తొడిమలు తీసేది. ఏం చేస్తున్నా ఒక కన్ను మామ మీద ఉండేది. ఆ షెడ్డులో ఆమె పనేమిటంటే అదే పని.

మామ బండి కిందికి దూరాలంటే ముందు ఆ బండి తాళం అత్త కొంగు ముడిలోకి చేరాలి. ఆ తర్వాతే జాకీ. జాకీతో లేపాక దాని పక్కన ఇనుప స్టాండ్లు పెట్టి, బరువంతా వాటి మీదికి దించాలి. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్క మొద్దులు అడ్డం వెయ్యాలి. తొందరలో ఉన్నవాళ్ళు "జాకీ ఉందిగా" అంటే, "జాకీ పని లేపటం వరకే. మొయ్యటం దాని పని కాదు" అనేది. మామ బండి కింద ఉన్నంతసేపూ కాసేపటికోసారి తల ఎత్తకుండానే అడిగేది.

"ఉన్నావా?"

"ఉన్నా" అని కింద నుంచి జవాబు. అలిగిన రోజు మామ మాట్లాడేవాడు కాదు, బయటికి కనపడే ఎడమ పాదం మాత్రం అటూ ఇటూ ఊపేవాడు. అత్తకు అదీ చాలు.

తర్వాత తాళం తిప్పే పనిలేని బండ్లు వచ్చాయి. రిమోటు జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే ఇంజను మోగుతుంది. ఆ రిమోటు ఒక ఆడమనిషి చేతికివ్వటం ఓనర్లకు నామోషీ. అత్త వాళ్ళతో వాదన పెట్టుకోలేదు. బానెట్ ఎత్తించి, పదో నంబరు పానాతో బ్యాటరీ వైరు ఊడదీయించి, ఆ పానా తన ఒళ్ళో పెట్టుకుంది. గోంగూర ఆకుల మధ్య నల్లగా ఆ పానా. షెడ్డులో అదే నంబరువి ఇంకా రెండు ఉండేవి. అవి ఆమె కుర్చీ కిందికి చేరాయి.

ఇంత పట్టుదలకు ఏదో కారణం ఉండి తీరాలని ఊరు తీర్మానించింది. అత్త వాళ్ళన్న మాచర్లలో లారీ కింద పడి పోయాడని ఒక కథ కూడా పుట్టింది. నేనూ నమ్మి, ఒకరోజు మెల్లగా ఆ మాట ఎత్తాను. అత్త వలిచే గోంగూర ఆపి నా మొహంలోకి చూసింది.

"మా అన్నా? వాడికేందే, మొన్న పెళ్ళిలో మూడు ప్లేట్ల బిర్యానీ తిన్నాడు! ఎవురన్నారే ఈ మాట?"

"మరి ఎందుకత్తా ఇదంతా?"

"ఎందుకేంది? ఎవురో ఒకరు చస్తేనే బుద్ధి రావాల్నా? ముందే వస్తే తప్పా?"



అత్తను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది నామినేషన్ల రోజు. అచ్చంపేట వైపు ఒక ఊరి పెద్దమనిషి బండి ఊరేగింపుకు పోతూ సైలెన్సరు జారి షెడ్డులోకి వచ్చింది. నల్ల అద్దాల పెద్ద బండి. పెద్దమనిషి వేరే కారెక్కి ముందుకెళ్ళాడు. మెడలో కండువాతో ఒక అనుచరుడు మిగిలాడు. నా కారు వంతు కోసం నేను పక్కనే నిలబడి ఉన్నాను. మామ నడుం దాకా బండి కింద ఉన్నాడు.

ఎండ దంచుతోంది. కండువా అతను డ్రైవరు సీట్లో కూర్చుని ఏసీ కోసం బటన్ నొక్కాడు. ఏమీ మోగలేదు. మళ్ళీ నొక్కాడు. దిగి వచ్చాడు.

"ఏందిది? స్టార్టవట్లా?"

అత్త ఒళ్ళోంచి పానా ఎత్తి చూపించింది. "ఇది నాకాడ ఉంటే అవదు."

"ఇటియ్యి. మా సారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తన్నాడు."

"బయటికొచ్చినాక ఇస్తా."

"ఎవురు బయటికి రావాల?"

"కనపట్టంలా? ఆ కాళ్ళు ఎవురియ్యనుకున్నావ్?"

కింద నుంచి మామ గొంతు వినబడింది. "ఏమే, ఇచ్చెయ్యవే. పెద్దోళ్ళతో మనకెందుకు?"

"నువ్వు నోర్మూసుకుని నట్టు బిగించు."

టీకొట్టు దగ్గరివాళ్ళు నవ్వారు. ఆ నవ్వు కండువా అతనికి తగిలింది. గొంతు పెంచాడు. "ఈ బండి ఎవురిదో తెల్సా నీకు?"

అత్త లేచి నిలబడింది. కొంగులోని ఆకులు నేల మీద పడ్డాయి. "బండి ఎవురిదైతే నాకేంది? కిందున్న మనిషి నావోడు."

అతను ఒక అడుగు ముందుకేశాడు. అత్త కదల్లేదు. నేను ఇద్దరి మధ్యకు పోవాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆ అవసరం రాలేదు. అతనే ఫోను చెవికి పెట్టుకుని ఎండలోకి నడిచాడు. మామ నట్లన్నీ బిగించి, బయటికొచ్చి, ఒళ్ళు దులుపుకున్నాకే పానా అత్త చేతిలోంచి కదిలింది.

ఆ తర్వాత ఆ ఊరి బండ్లు చాలాకాలం షెడ్డు వైపు చూడలేదు. ఆమె నోటి దురుసు వల్ల మేస్త్రి నష్టపోయాడని ఊరంతా చెప్పుకుంది. నా సందేహం వేరు. బ్యాటరీ వైరు తగిలించి ఉంటే ఆ రోజు నిజంగా ఏమైనా జరిగేదా? చల్లగాలి వచ్చి ఊరుకునేదేమో. కొన్నాళ్ళకు అత్తనే అడిగాను.

"ఏమో" అంది. "తెల్సుకోవాలని లేదు నాకు."

జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. ఆ షెడ్డులో ఒక్కరు పోయి, ఆ తర్వాత అత్త కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే, పాపం, ఎంత ముందుచూపో అనేవాళ్ళు. ఎవరూ పోలేదు కాబట్టి గయ్యాళి అన్నారు. సరే, గయ్యాళే. ఆ గయ్యాళి కాపలాలో మామ తల నెరిసింది, వేళ్ళన్నీ ఉన్నాయి, నడుం నిటారుగా ఉంది. పనులు ఆలస్యమయ్యాయా? అయ్యాయి. ఎండలో నిలబడి నేనూ విసుక్కున్నాను. ఆ ఆలస్యమంతా కలిపితే మామ అవుతాడు.

మూడో రోజు సమాధి దగ్గర చేసే జియారత్ ప్రార్థనలు అయ్యాక షెడ్డు తెరిచారు. నా కారుకు ఆయిలు మార్చాలి, తీసుకుపోయాను. క్రోసూరు నుంచి వచ్చిన మామ వాళ్ళన్న, నేను పెద్దమామ అంటాను, తోడుగా షెడ్డులో ఉన్నాడు. అత్త కుర్చీ మీద ఎవరో గ్రీజు గుడ్డలు పడేశారు. మామ జాకీతో కారు ముందు భాగం లేపాడు. గోనెపట్టా పరిచి స్టాండ్ల వైపు చూశాడు.

"ఆయిలు మార్పేగా, పావుగంట పని" అన్నాడు పెద్దమామ. "ఆమె చాదస్తం ఆమెతోనే పోయింది. కానీరా."

మామ మోకాళ్ళ మీదికి వంగాడు.

"మామా, స్టాండ్లు" అన్నాను.

పెద్దమామ నవ్వాడు. "ఏందమ్మా, నువ్వు కూడానా? చదువుకున్నదానివి."

"చదువుకున్నదాన్నే పెద్దమామా. స్టాండ్లు పెట్టందే నా బండి కిందికి ఎవరూ పోవటానికి లేదు."

"పోతే ఏంజేస్తావు?"

"పోనివ్వను. బండి దించమంటా, పాత ఆయిలుతోనే తిప్పుకుంటా."

ఈసారి నా నోట 'బహుశా' రాలేదు. మామ లేచాడు. పనిముట్ల మూలకు పోయి, రెండు చేతుల్లో రెండు స్టాండ్లతో వచ్చాడు. వాటిని సరిచూసి పెట్టి, బరువు వాటి మీదికి దించాడు. చెక్క మొద్దులు తనే ఏరుకొచ్చి చక్రాలకు వేశాడు.

"వైరు కూడా తియ్యాలా మామా?"

"తాళం బండేగా తల్లీ. తాళం చాలనేది మీ అత్త."

ఆ రోజు నాతో మామ అన్న మొదటి మాట అది. తాళం నా కొంగున కట్టుకున్నాను. ముడి సరిగా రాలేదు, రెండోసారి వేశాను. కుర్చీ మీద గుడ్డలు తీసేసి కూర్చున్నాను. కాలికి ఏదో తగిలి వంగి చూస్తే ఆమె పానాలు అక్కడే ఉన్నాయి.

మామ గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. రెండు పాదాలు మాత్రం బయట మిగిలాయి. రోడ్డు మీద మిర్చి లారీ ఒకటి పోయింది, దాని వెనక ఘాటు మిగిలింది. ఆ మాట ఇప్పుడు ఎవరో ఒకరు అడగాలి.

"ఉన్నావా మామా?"

జవాబు లేదు. పెద్దమామ చేతిలోని ఆయిలు డబ్బా అలాగే పట్టుకుని చూస్తున్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. కొంగు ముడి మీద పిడికిలి బిగించి, ఇంకొంచెం గట్టిగా అడిగాను.

గోనెపట్టా మీద ఎడమ పాదం మెల్లగా కదిలింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు.