పోతమ్మ తెచ్చిన వయసు కాగితం

నేను లాయర్ని. నాకు నోరెక్కువ, కోపం ఇంకా ఎక్కువ. జాలారిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకొచ్చే పోతమ్మతో పదేళ్లుగా చేపల కోసం పోట్లాడుతున్నాను. ఆమెకి చదువు రాదు గానీ, మాటల్లో నన్ను ఒక్కసారీ గెలవనివ్వలేదు.

ఆమె పక్కింటి తాతబాబు భార్య కాన్పులోనే పోతే, ఆ పసిగుడ్డు ఆశని పెంచింది పోతమ్మే. ఇంట్లో పుట్టిన పిల్ల, మునిసిపాలిటీ ఇచ్చే పుట్టిన తేదీ కాగితం లేదు. తండ్రి సముద్రం మీదకి వేటకెళ్లినప్పుడు బడిలో చేర్పించిందీ పోతమ్మే.

ఆ ఆశా, పోతమ్మ మనవడు రామూ ఇష్టపడి సింహాచలంలో పెళ్లి చేసుకున్నారు. ఇంకా వయసు నిండని తన కూతుర్ని రాము ఎత్తుకుపోయాడంటూ తాతబాబు స్టేషన్‌కెళ్లాడు. పోలీసులు రాముని తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు. ఆ మధ్యాహ్నం పోతమ్మ గంప లేకుండా మా ఇంటికొచ్చింది. 

"నా ఇట్టంతోనే ఎల్లానని ఆశే సెప్పింది కదమ్మా. ఇంక కేసేటి?"

ఉన్నమాట చెప్పాను. పద్దెనిమిది నిండని పిల్లని తండ్రి ఒప్పుకోకుండా తీసుకెళ్తే, బలవంతం లేకపోయినా కిడ్నాపే. పిల్ల ఇష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. నిండితే మాత్రం వేరు. బలవంతంగానో, మోసం చేసో తీసుకుపోయాడని పోలీసులే రుజువు చెయ్యాలి.

పోతమ్మ మొహం వెలిగిపోయింది. పిల్లకి పందొమ్మిదట, తన చేతుల్లోనే పుట్టిందట. నా నోరు ఊరుకుంటేనా! మాటలు చెల్లవు, ముందు చూసేది బడి రికార్డే, పోయి సర్టిఫికెట్ తెచ్చి వాళ్ల మొహాన కొట్టమన్నాను. ఆ ముక్క అన్నందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

మర్నాడు నేను స్టేషన్‌కి వెళ్లేసరికి ఆమె నాకంటే ముందే వచ్చి ఉంది. రొంటిన దోపుకున్న కాగితం తీసి, నవ్వుతూ ఎస్సై చేతికిచ్చింది. ఆయన ఒకసారి చదివి, మళ్లీ చదివాడు. దాన్ని నా వైపు జరిపాడు.

పదిహేడేళ్ల రెండు నెలలు.

 బడిలో వయసెంతని చెప్పావని పోతమ్మని మెల్లగా అడిగాను.  అప్పటికి ఆశకి ఏడేళ్లు, ఒక్క అక్షరం రాదు. రెండో తరగతిలో కూర్చోబెడితే దెబ్బలు తింటుందని, పిల్ల ఎలాగూ పీలగా ఉందని, ఐదని చెప్పిందట. పేటలో అందరూ అలాగే చెప్తారట.

వయసు తేల్చే ఎముకల పరీక్ష చేయించండని ఎస్సై మీద కేకలేశాను. బడి కాగితం ఉండగా ఆ పరీక్ష ఎందుకు మేడమ్, కాగితం లేకపోతే అప్పుడు చూసేవాళ్లం అన్నాడు. ఆయన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ చట్టం అలాగే ఉంది, ఆ సంగతి నాకూ తెలుసు.

పోతమ్మ చెయ్యి చాపింది.

"అయితే ఆ కాయితం నాకిచ్చీ బాబూ. నాను తేనేదనుకో."

ఆయన దాన్ని ఫైల్లో గుచ్చాడు. ఎవరు తెచ్చిచ్చారో రాసుకుని, ఇంకు డబ్బా ఆమె ముందుకు తోశాడు. ఆమె నా వైపు చూసింది. ఎంతో మాటకారిని, వెయ్యమని తల మాత్రం ఊపాను. వేలిముద్ర వేసింది.

"ఏటన్నారు మామ్మా? ఇంటికెల్లిపోదామా?" బెంచీ మీంచి రాము అడిగాడు.

ఆమె సిరా వేలిని చీరకి తుడుస్తూనే ఉంది.

"ఆ కాయితం నానే అట్టుకొచ్చీసేన్రా నాయినా," అంది.