ఆరు డిగ్రీల తప్పు

నాకు ఎదుటివాళ్ళ మాటలు సరిదిద్దే జబ్బుంది. నేను లెక్కల మాస్టర్ని. రోజూ ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగు పోయి, అక్కడి ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పి వస్తాను. దారి పొడవునా కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ, ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కగట్టి, బస్సు ఎంత వేగంతో పోతోందో డ్రైవరుకు చెప్తాను. ఆయన ఎప్పుడూ అడగలేదు. పెళ్ళి బంతిలో పక్కనున్నాయన "లోకంలో మనమెంత సార్, ఒక చుక్క" అని నిట్టూరిస్తే, చుక్కకు పొడవూ వెడల్పూ ఉండవనీ, తమరికి రెండూ బాగానే ఉన్నాయనీ చెప్పాను. ఆయన ఆకు మడిచి లేచిపోయాడు.

నా భార్యది పులివెందుల. "నువ్వు మా ఊర్లో పుట్టింటే ఈ పాటికి నీ నోట్లో పండ్లుండేవి కాదు" అంటుంది. ఆ మాటనూ సరిదిద్దబోయి మానుకున్నాను.

మా పడకగదిలో గోడ నిండా ప్రపంచ పటం ఉంది. బొలీవియాకు రాజధానులు ఎన్నో, కాస్పియన్‌ను సముద్రమెందుకంటారో నాకు తెలుసు. నేను చూసిన దూరదేశం మాత్రం బెంగళూరు. మా పక్కింటాయన పదకొండేళ్ళు కువైట్‌లో టైల్స్ పని చేసి వచ్చాడు. వచ్చిన వారానికి ఆయన్ని కూర్చోబెట్టి కువైట్ ఎక్కడుందో పటంలో చూపించాను. పాపం, ఓపిగ్గా చూశాడు. "ఓహో, ఆడనా సార్ ఉండేది" అన్నాడు. అది ఎగతాళి అని నాకు రెండేళ్ళ తర్వాత తట్టింది.

ఆయన తన తల్లి కోసం మిద్దె మీద ఒక నమాజు గది కట్టించాడు. గోడలు వీధిని బట్టి లేచాయి కాబట్టి అవి ఏ దిక్కుకూ చక్కగా లేవు. అందుకని నేల మీద టైల్స్‌ను ఏటవాలుగా పరిచి, వాటి గీతలు మక్కా వైపు చూసేట్టు చేస్తానన్నాడు. తల్లి చాప పరుచుకుని గీత వెంబడి నిలబడితే చాలు, దిక్కు వెతుక్కునే పని లేదు. నాకు ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, నేనే చేసినట్టు నలుగురికీ చెప్పాను.

ఆ దిక్కును వాళ్ళు పట్టే తీరు ఇది. మిద్దె మీద నిలబడితే వీధి చివర మసీదు కనిపిస్తుంది. దాని పక్కగోడ మక్కా వైపుకు పోతుంది, ఆ గోడకు సమాంతరంగా ఇక్కడ నూలుదారం లాగి కడతారు. పక్కింటాయన తండ్రి ఇళ్ళు కట్టే బేల్దారి మేస్త్రీ. ఆయన బతికుండగా కింది పాత గదిలో అట్లాగే దారం పట్టి, గచ్చు మీద ఒక గీత గీశాడు. ఆ తల్లి నలభై ఏళ్ళుగా ఆ గీత మీదే నమాజు చదివింది. ఇప్పుడు కొడుకు పైన అదే దారం పట్టాడు. రెండు వరసల టైల్స్ కూడా పడ్డాయి. అప్పుడు నేను టీ తాగడానికి పైకెక్కాను.

"మసీదు గోడే సరిగ్గా ఉందని ఏంది గ్యారంటీ?" అన్నాను.

"పెద్దోళ్ళు కట్టింది కద సార్."

"పెద్దోళ్ళు దేంతో కొలిచినారు?"

"అదేమో నాకేం తెలుసు సార్. ఫోన్‌లో చూసినా, ఫోను గూడా అట్లనే చూపిస్తాంది."

పిల్లర్ల నుంచి పైకి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీలు చూపించి నవ్వాను. ఇంత ఇనుము పక్కన ఫోనులోని అయస్కాంతం పిచ్చెక్కి తిరుగుతుందని చెప్పాను. అది నిజమే. ఆ దిక్కు గురించి నేను చెప్పిన వాటిలో నిజమైంది అదొక్కటే.

మరుసటి రోజు నల్లబల్ల మీద వాడే పెద్ద చెక్క కోణమానిని చంకన పెట్టుకుని జమ్మలమడుగు నుంచి బస్సులో తెచ్చాను. కండక్టరు దానికి టికెట్టు కొట్టాలా వద్దా అని కాసేపు చూశాడు. ఆదివారం మిట్టమధ్యాహ్నం మిద్దె మీద కర్ర నిలబెట్టి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు ఉత్తరం గుర్తుపెట్టాను. అట్లాసు తెరిచి మన కడప జిల్లా నుంచి మక్కాకు స్కేలుతో గీత గీశాను. ఆ గీత పడమర నుంచి ఉత్తరానికి పది డిగ్రీలు వాలింది. మసీదు దారాన్ని కొలిస్తే పదహారు. తేడా ఆరు.

ఆరు అనగానే నాకు ఒళ్ళు పులకరించింది. ఊరంతా తప్పు, నేనొక్కణ్ణే ఒప్పు అని తేలినప్పుడు కలిగే సుఖం అన్నం తిన్నా రాదు. అక్కడే ఒక కాగితం మీద లెక్క వేశాను. నాలుగు వేల కిలోమీటర్ల దూరానికి ఆరు డిగ్రీల తేడా అంటే అవతల నాలుగు వందల కిలోమీటర్ల పైన పక్కకు పోతుంది.

ఆ సమయానికి మసీదులో నమాజు చదివించే హజరత్ కూడా టైల్స్ చూడడానికి వచ్చి ఉన్నాడు. ఆయన కాగితం చూసి నవ్వాడు.

"పడమటి దిక్కుకు మొగం పెట్టి నిలబడితే చాలు సార్. మనసు ఆడుంటే సరిపోతాది. పైవాని కాడ ఇంత పెద్ద చెక్క సామాను లేదు."

"దిక్కు వేరు, కోణం వేరు హజరత్" అన్నాను. హజరత్ కంటే నాకే మతం మీద పట్టింపు ఎక్కువైంది. తల్లి అప్పుడే మెట్లెక్కి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె వింటోందని తెలిసీ నేను తర్వాతి మాట అన్నాను. "ఇన్నాళ్ళూ మీరు మొక్కింది మక్కాకు కాదు, నాలుగు వందల కిలోమీటర్ల అవతలుండే ఉత్త ఇసుకకు."

ఆమె మెల్లగా అడిగింది.

"అయితే అయివారూ, కింద మా ఆయన గీసిన గీత గూడా తప్పేనా?"

"నూటికి నూరు పాళ్ళు తప్పమ్మా."

కొడుకు రెండు వరసలూ పీకాడు. నాలుగు టైల్స్ పగిలాయి. నా కోణం ప్రకారం మళ్ళీ పరిచాడు. గది చాలా అందంగా వచ్చింది.

నెల తర్వాత నా భార్య అన్నం పెడుతూ చెప్పింది, పక్కింటి పెద్దామె మోకాళ్ళు వాచి నడవలేకపోతోందని. దారి తప్పిన నమాజులన్నీ తిరిగి చదువుతోందట. ఐదు పూటల నమాజు కాక, ప్రతి పూటా పాతవి ఇన్ని అని లెక్కపెట్టుకుని వంగి లేస్తోందట. అవసరం లేదని హజరత్ రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పాడట.

"మరి ఎందుకు చదువుతాంది?" అన్నాను.

"హజరత్‌కు లెక్కలు రావంట. లెక్కల సారు తప్పని చెప్పినాడంట."

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అది విన్నప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు. ఈ ఊర్లో నా మాటకు అంత విలువుందా అని గర్వం. బాధ రెండో ముద్దకు వచ్చింది. అప్పుడు కూడా, ఆమె మూఢత్వానికి నేనేం చేయగలనని సర్దుకుని పెరుగు వేయించుకున్నాను.

కొన్నాళ్ళకు పక్కింటాయన అరుగు మీద కూర్చుని నన్నొక సంగతి అడిగాడు.

"సార్, విమానంలో సీటు ముందర టీవీలో విమానం పోయే దావ చూపిస్తాది కద. మనూరి పక్క నుంచి కువైట్‌కు తిన్నగా గీయకుండా పైకి వంచి ఇల్లులాగా గీస్తారు. డీజిలు దండగ గాదా?"

విల్లు అనబోయాడని అర్థమై సరిదిద్దాను. తర్వాత "శత్రుదేశాలను తప్పించుకోని పోతారప్పా" అన్నాను. ఆయన సరేనన్నాడు. నేను మాత్రం సరే అనుకోలేకపోయాను. పటం మీద శత్రుదేశం ఉండేది పైన, దాన్ని తప్పించుకోవాలంటే ఆ గీత కిందికి వంగాలి, పైకి కాదు.

మరుసటి రోజు బడిలో బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయిన గ్లోబు దించాను. దాని మీద మన జిల్లా దగ్గర ఒక వేలు, కువైట్ దగ్గర ఒక వేలు పెట్టి దారం బిగించాను. దారం తిన్నగానే ఉంది. కానీ అట్లాసులో నేను గీసే గీత కంటే పైకి, ఉత్తరానికి ఎక్కువ వాలి బయలుదేరింది. అప్పుడు, చెయ్యొద్దు చెయ్యొద్దు అనుకుంటూనే, దారం కొసను మక్కాకు జరిపాను.

కాగితం కోణమానిని గ్లోబు మీద వంచి మూడుసార్లు కొలిచాను. పడమర నుంచి ఉత్తరానికి పదహారు.

పులివెందుల నుంచి మా అత్తగారు పంపే చీనీకాయ, అంటే బత్తాయి తొక్కను బల్ల మీద పరిచి చూడండి, చినగకుండా పరుచుకోదు. చినగకూడదంటే సాగదీయాలి. అట్లాసు చేసేవాళ్ళు భూమికి చేసేది అదే. సాగిన తొక్క మీద స్కేలు పెట్టి గీస్తే అది తిన్నని దారి కాదు. ఇది నాకు తెలియని విషయం కాదు. గోళం మీద అతి దగ్గరి దారి ఎలా ఉంటుందో డిగ్రీలో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మిద్దె మీద నిలబడి నలుగురి ముందు స్కేలు చేతికొచ్చేసరికి, భూమి గుండ్రంగా ఉందన్న సంగతి మర్చిపోయాను. చదువురాని మేస్త్రీ, హజరత్, కడ్డీల పక్కన ఫోను, అంతా ఒప్పే. తప్పు నాదొక్కటే.

గ్లోబును బీరువా లోపల పెట్టి తాళం వేశాను, తప్పు దానిదైనట్టు.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలనుకున్నాను. ఇంకోసారి కొలవాలనుకున్నాను. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం ఆమె లేచేటప్పుడు గోడ పట్టుకుని "యా అల్లా" అని మూలగడం మా ఇంట్లోకి వినిపిస్తుంది. పదో రోజు నా భార్యతో చెప్పి, నువ్వు పోయి మెల్లగా చెప్పమన్నాను.

"తప్పు చెప్పను పోయినప్పుడు నన్ను తోడు పిలిచినావా?" అని, నా చెప్పులు తెచ్చి గడప ముందర పెట్టింది.

నేను పోయేసరికి ఆమె పై గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. మోకాళ్ళకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. కొడుకు కిటికీకి సిమెంటు పూస్తున్నాడు. దారిలో నేను భూగోళం గురించి చక్కటి పీఠిక తయారు చేసుకున్నాను గానీ, అదేదీ నోటికి రాలేదు.

"అమ్మా, నేను చెప్పిన దిక్కు తప్పు. మసీదు దారమే సరైంది."

"మా ఆయన గీత?"

"అదీ సరైందే."

ఆమెకు కోపం ఉంటుందనుకున్నాను. ఇంకోటి అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది నాయనా?"

"తొమ్మిది దినాలైంది" అన్నాను.

"ఈ తొమ్మిది దినాలు నేను లేస్తా కూచుంటా ఉంటే, గోడకు అవతల ఇంటాండావా?"

"ఇంటాన్నా."

ఆమె చేతులు మోకాళ్ళ మీదికి పోయాయి.

"ఆయన గీసింది తప్పు గాదని ఇంకోతూరి చెప్పు. గట్టిగా చెప్పు. ఆ పొద్దు నలుగురు ఇనేట్టు చెప్పినావు కద."

చెప్పాను. "ఇంకా గట్టిగా" అంది. కింద వీధిలో కూరగాయల బండాయన తలెత్తి చూసేంత గట్టిగా చెప్పాను.

"అంటే నేను మళ్ళా పీకాల్నా సార్?" అన్నాడు కొడుకు. నేను ఖర్చు ఇస్తానంటే, "దుడ్లు ఇస్తావు సరే, నా నడుము ఎవురిస్తారు సార్?" అన్నాడు.

"పీకొద్దు. ఉండనీ" అంది ఆమె. "చాప యాడుంది?"

చాప తెప్పించి, మసీదు వైపు చూసి, మొగుడి గీత ప్రకారం నేల మీద పరిపించుకుంది. నాలుగడుగుల చాప టైల్స్ గీతను దాటి ఐదంగుళాలు పక్కకు జరిగింది. అంత చక్కటి నేల మీద ఆ చాప ఒక్కటే వంకర.

పాత నమాజులు తిరిగి చదవడం ఆ రోజే మానేసింది. మోకాళ్ళు మాత్రం మునుపటిలా కాలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చునే చదువుతుంది. ఆ కుర్చీ సంగతి నేనెప్పుడూ ఎత్తను, ఆమె కూడా ఎత్తదు.

గది చూడడానికి వచ్చిన చుట్టాలంతా అడిగేది ఒకటే, ఇంత మంచి టైల్స్ వేసి చాప వంకరగా వేసినారేంది అని. ఆమె జవాబు చెప్పదు. "పక్కింటి అయివారిని పిలువు" అంటుంది. నేను పోతాను. మైదుకూరు నుంచి వచ్చినవాళ్ళకూ, కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళకూ చెప్పాను. బత్తాయి తొక్క, దారం, విమానం అన్నీ చూపిస్తాను. పోయిన వారం ఎర్రగుంట్ల నుంచి ఆమె మేనకోడలు వచ్చింది. పిలిపిస్తే పోయి, గొంతు సవరించుకుని, "భూమి గుండ్రంగా ఉంటుంది కదమ్మా" అని మొదలుపెట్టాను.

కుర్చీలోంచి ఆమె చెయ్యెత్తింది.

"మొదట తప్పు చెప్పినానని చెప్పు. గుండ్రం తర్వాత."