తుపాకి రాలే, కట్టె వచ్చింది

మా బాబా కుడి కన్ను షుగర్‌తోని పోయింది. ఎడమ కన్ను ఉన్నది గని అది సుత మెల్లమెల్లగ మసకవడుతదని డాక్టర్ చెప్పిండు. గా కన్నుల ఎలుగు ఉండంగనే ఆయన చేతికి ఒక తుపాకి రావాలె. దానికోసం మేము ఎదురుసూసుడు, అది వస్తదా రాదా అని గుంజాటన వడుడు, ఇదంత గదే ముచ్చట.

బాబా అంటె నేను డ్రైవర్ పని చేసే ఇంటి పెద్దాయన, ఖతరీ మనిషి. ఇల్లు దోహా పక్కన అల్ వుకైర్‌ల. నాది జగిత్యాల దిక్కు పల్లె. ఐదో తరగతి కాడ బడి ఇడ్సిపెట్టిన. ఇట్ల కూసొని రాసుడు ఇదే మొదలు, అందుకే మాట్లాడినట్టే రాస్తున్న. బాబాకు నాకు నడుమ సగం అరబీ, సగం హిందీ నడుస్తది. ఈడ అంత తెలుగుల పెడుతున్న.

బాబా చిన్నప్పటి సంది తుపాకిని కుడి భుజానికి ఆనిచ్చి, కుడి కంటితోని గురి సూసెటోడు. ఇప్పుడు భుజం ఉన్నది, కన్ను లేదు. ఎడమ భుజానికి మార్చుకో అని అందరు చెప్పిండ్రు. కొన్ని దినాలు సూశిండు. "ఇది నా చెయ్యి కాదు" అని పక్కకు పెట్టిండు.

దోహాల ఏడాదికోపారి డేగలు, తుపాకుల ఎగ్జిబిషన్ పెడ్తరు. బాబా, ఆయన పెద్ద కొడుకు, నేను పోయినం. పెద్ద పెద్ద కంపెనీలోళ్లు కాఫీ పోసిండ్రు, సలాం కొట్టిండ్రు గని, ఒక్క మనిషి కోసం ఏరే తీరు తుపాకి చెయ్యం అన్నరు. ఆఖరుకు ఒక మూలకు చిన్న టేబుల్ ఏసుకొని ఒక బక్కపలుచని తెల్లాయన కూసున్నడు. ఏదో చలి దేశపాయన. ఆయన, ఆయన చెల్లె, ఇద్దరు పనోళ్లు, గంతే వాళ్ల కార్ఖానా. గోర్ల సందుల నూనె నలుపు అట్లనే ఉన్నది. కొడుకు ఇంగ్లీషుల అడిగితె ఆయన చెప్పిండు: "నేను తేలికటి కొత్త రకం తుపాకి చేస్తున్న. ఎనుక భుజానికి ఆనే కట్టెను వంకర తిప్పుత. కట్టె కుడి భుజం మీద ఉంటది, గొట్టం ఎడమ కంటి ముందట ఉంటది. వచ్చే ఏడు ఈ యాళ్లకు మీ చేతుల పెడ్త."

టేపు తీసి బాబా మెడ, చెయ్యి, దవడ కొల్చిండు. బాబా చిన్నపిల్లగాని లెక్క కదలకుంట నిలవడ్డడు.

నాకు మొదలే తుపాకి అంటె భయం. మా ఊర్లె నేను చిన్నగున్నప్పుడు తుపాకి ఇద్దరి దగ్గరనే సూశిన, అడివిల అన్నల దగ్గర, పోలీసుల దగ్గర. ఇద్దరు మా ఇంట్లనే అన్నం తిని పోయిండ్రు. ఒకళ్లు వచ్చిపోయిన సంగతి ఇంకొకళ్లకు ఎర్క కావద్దని మా అమ్మ కంచాలు తోమి బోర్లేసేది. బాబా తుపాకి ముచ్చట మా ఇంటామెకు ఫోన్‌ల చెప్పితె, "ఏమయ్యా, దుబాయ్‌ల కారు తోలుతున్నవా, తుపాకులు మోస్తున్నవా? వద్దని చెప్పి బయటికి రా" అన్నది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే.

ఎండకాలం నడుమ ఒక పార్శిల్ వచ్చింది. తెచ్చేటందుకు నన్ను తోలిండ్రు. కొడుకు ఫోన్ చేసి, "తుపాకి అన్న మాట నోట్లెకెల్లి రానియ్యకు, కట్టె అని చెప్పు" అన్నడు. కౌంటర్ కాడ పిల్లగాడు కేరళ ఆయన, కంప్యూటర్‌ల డబ్బ లోపటి బొమ్మ సూసి నా దిక్కు సూశిండు.

"భయ్యా, ఇందులో ఏముంది?" అని హిందీల అడిగిండు.

"కట్టె."

"ఏం కట్టె?"

"ఉట్టి కట్టె" అన్న.

డబ్బ ఇప్పించిండు. నిజంగనే ఉట్టి కట్టె. తుపాకి తీరుగనే ఉన్నది గని గొట్టం సుత కట్టెదే. ఎనుక భాగం ఒకపక్కకు వంగి ఉన్నది. ఆ పిల్లగాడు దాన్ని భుజానికి పెట్టుకొని "ఠప్" అన్నడు. లైన్ల ఉన్నోళ్లంత నవ్విండ్రు. నేను సుత నవ్విన, చెమట తుడుసుకుంట.

అండ్ల చీటీ ఉన్నది. ఇది కొలత కోసం. చెంప ఆనే కాడ సుద్ద పూసి, రోజు పొద్దూకి ఎత్తి గురి సూడాలె. సుద్ద మొఖానికి ఏడ అంటుతదో ఫొటో తీసి పంపాలె. దాన్ని సూసి అసలుది చెక్కుతరు. అది సదివి పెద్ద కొడుకు తల పట్టుకున్నడు. "తుపాకి అడిగితె ఆటబొమ్మ పంపిండు బాబా!"

బాబా ఆ కట్టెను చేతులకు తీసుకున్నడు. ఆ పొద్దూకే మజ్రాకు పోయినం, అంటె ఊరి అవుతల వాళ్ల తోట. నీళ్ల ట్యాంకు మీదికెల్లి పావురాలు లేస్తయ్. బాబా కట్టె తుపాకి ఎత్తి వాటెంబడి తిప్పెటోడు. నేను సుద్ద పూసుడు, ఫొటో తీసుడు. తెల్ల గడ్డం మీద తెల్ల సుద్ద కనవడక ఎర్ర సుద్ద కొనుక్కొచ్చిన. అప్పటి సంది ఆయన చెంపకు రోజు ఎర్ర మచ్చ.

ఎగిరే పిట్టకు గురి పిట్ట మీద పెట్టద్దట. అది పోయే దిక్కు జెర ముందట పెట్టాలె. బాబా తిప్పి, పక్కకున్న కొడుకును అడిగెటోడు: "ముందుందా, ఎనుక పడ్డదా?"

కొడుకు ఫోన్ సూసుకుంటనే "తగిలింది బాబా, తగిలింది" అనెటోడు.

చెప్పిన ఏడు తిరిగింది, ఆ ఏటి ఎగ్జిబిషన్‌కు తెల్లాయన రాలే. తుపాకి రాలే. అడిగితె వచ్చే నెల అన్నరు. ఆ నెల పోయినంక మల్ల వచ్చే నెల. ఒకపారి ఫొటో పంపిండ్రు, అండ్ల కట్టె దుంగ ఒక్కటే ఉన్నది. కొడుకు ఇంట్ల అందరి ముందట అననే అన్నడు: "వాడు దొంగ. కాదంటె పిచ్చోడు."

శుక్రారం దోహాల నజ్మా బస్తీల చాయ్ హోటల్‌ల నా దోస్తుకు ఇదంత చెప్పిన. ఆయన నిజామాబాద్ భాయ్, టైలర్, నా కంటె పెద్దోడు. ఇనుకుంట ఇనుకుంట టేబుల్ కొట్టి నవ్విండు.

"అరే తమ్మీ, మీ బాబా పిట్టల దొర కాడ తుపాకి బుక్ చేసిండ్రా!"

నాకు సుత అదే యాదికొచ్చింది. ఖాకీ లాగు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. నా తుపాకి పేలితె ఢిల్లీల దీపం ఆరిపోతదని కోతలు కోసి, ఆఖరుకు సోలెడు బియ్యం అడిగేటోడు.

"వస్తది అంటున్నరు భాయ్" అన్న.

"వస్తది, వస్తది. నా నెత్తి మీద ఎంటికలు సుత వస్తయ్" అని బట్టతల నిమురుకున్నడు. జెరసేపు చాయ్ తాగి, మల్ల ఆయనే అన్నడు: "గని ఒక్క మాట. దొంగ దర్జీ కొల్త సరిసూసేటందుకు కచ్చా కుట్టు ఎయ్యడు. కొల్త తీసుకొని సీద కుట్టి మొఖాన కొడ్తడు. మీవోడు కచ్చా కుట్టు పంపిండు. అదొక్కటి నాకు సమజైతలేదు."

నాకు సుత సమజ్ కాలే. దొంగ అయితె ఆ కట్టె అంత మంచిగ ఎందుకు చెక్కుతడు? మంచోడైతె వచ్చే నెల అని అబద్ధం ఎందుకు చెప్తడు? కారు తోలుకుంట గదే సోంచాయించేటోన్ని.

మల్ల ఎగ్జిబిషన్ వచ్చింది. తెల్లాయన రాడని కొడుకు పందెం కట్టిండు. వచ్చిండు. అదే మూల, అదే టేబుల్. ఈసారి టేబుల్ మీద తుపాకి లేదు, ఒక ఇనుప ముక్క ఒక్కటే ఉన్నది. పొడుగ్గ నడిమికి కోసిన గొట్టం. పరీక్షకు కాల్చినంక లోపట పగిలిన గీత కనవడ్డదట, అట్లాంటిది చేతికియ్యద్దట. బాబా దగ్గరికి తెచ్చుకొని సూశిండు, కనవడలే. ఏలు పెట్టి తడిమిండు. నేను సూశిన. ఎంటిక తీరు సన్నటి గీత.

కొడుకు గరం అయిండు. "ఈ మాట ముందుగాల్నే ఎందుకు చెప్పలే? వచ్చే నెల, వచ్చే నెల అని ఎందుకన్నవ్?"

"సిగ్గయింది" అన్నడు తెల్లాయన. "ప్రతిపారి ఈసారి సక్కగైతదనుకున్న."

"ఎవడైనా పాత పైపు కోసి తేవచ్చు" అని కొడుకు మా దిక్కు తిరిగి అరబీల అన్నడు. అది సుత అబద్ధం కాదు.

బాబా కొడుకును అడుగుమన్నడు, ఇప్పుడు ఎప్పుడిస్తవని. తెల్లాయన గొట్టం పక్కకు పెట్టిండు. అటెన్క తల అడ్డంగ ఊపిండు. "తెల్వది" అన్నడు.

కొడుకు అక్కడికెల్లి ఎల్లిపోయిండు. బాబా మాత్రం ఆయన చెయ్యి పట్టుకొని ఊపి, మెల్లగ నా భుజం మీద చెయ్యేసి నడిసిండు.

కార్ల కూసున్నంక అడిగిండు. నన్ను సదీక్ అంటడు, అంటె దోస్తు. "సదీక్, నీ గుండె ఏమంటది?"

నేను గంత పెద్ద ముచ్చట మాట్లాడేటోన్ని కాదు. గని అడిగిండు కాబట్టి చెప్పిన. "బాబా, నన్ను గల్ఫ్‌కు తోలిన ఏజెంటు ఎప్పుడు అడిగినా తారీఖు చెప్పెటోడు. ఒక్కనాడు తెల్వది అనలే. మోసం చేసేటోని నోట్లె ఆ మాట నేను ఇనలే."

సిగ్నల్ పడ్డది. బాబా కిటికీలకెల్లి సూస్తున్నడు, ఏం కనవడుతుందో నాకెర్క లేదు. "వల్లా, నిజమే. నా కన్ను సుత తారీఖు చెప్తలేదు" అన్నడు. "యల్లా, ఇంటికి కాదు, మజ్రాకు పోనియ్."

ఆ పొద్దు కొడుకు లేడు, మేమిద్దరమే. నేను కట్టెకు ఎర్ర సుద్ద పూసి ఇచ్చిన. సప్పట్లు కొట్టితె ట్యాంకు మీదికెల్లి పావురాలు లేసినయ్. బాబా ఎత్తిండు, చెంప ఆనిచ్చిండు, తిప్పిండు. నేను ఆయన ఎనుక నిలవడి కట్టె గొట్టం కొస సూసుకుంట ఉన్న. పిట్ట పోయింది. ఆడ ఏం లేని కాడ గొట్టం ఆగింది.

"ముందుందా, ఎనుక పడ్డదా?"

నన్ను అడుగుడు అదే మొదలు. తగిలింది అని నా నోటి కొస దాక వచ్చింది. ఆయన మొఖం సూశిన. చెంప మీద ఎర్ర మచ్చ, ఒక్క కన్ను నా దిక్కు.

"ఎనుక పడ్డది బాబా. మస్తు ఎనుక."

ఆయన తుపాకి దించలే. "ఎంత?" అన్నడు.

"రెండు జానలు."

"తయ్యిబ్, మంచిది" అని కాళ్లు జెర ఎడం చేసి నిలవడ్డడు. "మల్ల కొట్టు సప్పట్లు."