గెస్ట్‌హౌస్ దూలం, మా ఇంటి గడప

ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. నా గొంతు మునుపటిలా లేవదు. కట్టెపని ముచ్చట వినాలని ఉందంటే చెబుతాను, మధ్యలో లేవకండి. నేను చదివింది మూడో తరగతి. అందుకని నా ఉద్యోగంలో జరిగినదేదీ రాసి పెట్టుకోలేదు, ఏదీ మరిచిపోనూ లేదు.

బోధన్ పక్క ఒక చక్కెర ఫ్యాక్టరీలో నేను కార్పెంటర్‌గా చేరింది నిండు ఎండాకాలంలో. ఫ్యాక్టరీ పేరు చెప్పను. ఇప్పుడు దాని గేటుకే పేరు లేదు, నేనెందుకు మోయాలి? చెరుకు ఆడే నెలలను సీజన్ అంటారు, గానుగ ఆగిన నెలలను ఆఫ్ సీజన్ అంటారు. సీజన్‌లో మిషన్లకు పని, ఆఫ్ సీజన్‌లో మాకు పని. తలుపులు, కిటికీలు, చెరుకు బండ్లు తూచే కాటా గుడిసె పలకలు, ఆఫీసర్ల కుర్చీల కాళ్లు, అన్నీ అప్పుడే బాగుచేయాలి.

కార్పెంటర్లలో ముందు హెల్పర్, ఆ పైన గ్రేడ్ రెండు, ఆ పైన గ్రేడ్ ఒకటి, అందరి మీద హెడ్ మిస్త్రీ. నేను గ్రేడ్ రెండులో చేరాను, ముప్పై ఒక్క ఏళ్లకు గ్రేడ్ రెండులోనే దిగాను. గ్రేడ్ ఒకటికి ఒక పరీక్ష పెడతారు. అందులో తలుపు చేయమనరు. తలుపు బొమ్మ చేతికిచ్చి, పక్కన ఇంగ్లీషులో ఉన్నది చదవమంటారు. నేను చేసిన తలుపులు తెరుచుకుని లోపలికి వచ్చిన ఆఫీసర్లే నాకు తలుపుల పని తెలియదని నాలుగుసార్లు రాసి పంపారు.

నా ఆరో ఆఫ్ సీజన్‌లో గెస్ట్‌హౌస్ దూలం మార్చమని జాబ్ కార్డు వచ్చింది. ఏ పని, ఎవరు, ఎన్నిరోజుల్లో అని ఫోర్‌మన్ రాసిచ్చే కాగితాన్ని జాబ్ కార్డు అంటారు. ఆ దూలం ఫ్యాక్టరీ కట్టిన తొలినాటిది, బర్మా టేకు. పైకప్పు కారి, గోడలోకి పోయిన రెండు కొసలూ పుచ్చిపోయాయి. దాన్ని దింపి, సిరికొండ అడవి డిపో నుంచి తెచ్చిన కొత్త టేకు ఎక్కించాం. పెద్ద దొర వచ్చేసరికి కొత్తదని తెలియకూడదని ఫోర్‌మన్ దానికి నల్లరంగు పూయించాడు. ఆ దొర రెండురోజులుండి, తల పైకెత్తకుండానే వెళ్లిపోయాడు.

ఎక్కించేముందు నేను ఒక పని చేశాను. మా ఉస్తాద్ నేర్పిన అలవాటు అది. కట్టెలో గోడలోకి పోయే కొస మీద, ఎవరికీ కనబడని చోట, ఉలితో గుర్తు చెక్కాలి. ముందుముందు దాన్ని దింపేవాడికి ఎవరు ఎక్కించారో తెలియాలని. నా గుర్తు కట్టె చెక్కే బాడిస బొమ్మ, చిన్నది, పక్కన ఆ ఏటి సీజన్ నంబరు.

పాత దూలంలో పుచ్చినంత కోసేస్తే నడుమ గట్టి ముక్క మిగిలింది. దూలానికి పొట్టి, పొయ్యికి పొడుగు. అప్పుడు నేను ఇల్లు కట్టుకుంటున్నాను, అడిగాను. స్టోర్ కీపర్ గేట్ పాస్ రాశాడు: 'పనికిరాని కట్టె, ముక్క ఒకటి.' దాని మీద ఇద్దరు ఆఫీసర్లు సంతకాలు చేశారు. ఆ పనికిరాని కట్టెతోనే మా ఇంటి గడప చేశాను. మా సాయవ్వ, అంటే నా ఇల్లాలు, ప్రతి శుక్రవారం దానికి పసుపు పూసి కుంకుమబొట్లు పెడుతుంది.

నేను రిటైరయ్యాక ఫ్యాక్టరీ మూతపడింది. గెస్ట్‌హౌస్ కూలగొట్టి, కట్టె అమ్మేశారు. రెండేళ్ల కిందట ఒకరోజు నిజామాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. కంఠేశ్వర్ పక్కన ఆరా మిషన్, అంటే కట్టెలు కోసే మిల్లు నడిపే సేటు చేశాడు. "రాజన్నా, నీ కోసం హైదరాబాద్ నుంచి గిటార్లోల్లు వచ్చిండ్రు. జల్ది రా" అన్నాడు. గిటార్లవాళ్లకు నాతో పనేమిటో తెలియక, ఉతికిన చొక్కా తొడుక్కుని పోయాను.

అక్కడ వంశీ అని ఒక పిల్లగాడు, కంపెనీ తరఫున కట్టె కొనేవాడు, చేయి కలిపి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను చేసిన కుర్చీల్లో నన్నెవరూ కూర్చోమనలేదు. అప్పుడే అనుమానపడి ఉండాల్సింది.

వాళ్లు కరెంటు గిటార్లు చేస్తారట. వాటికి పొట్ట ఉండదు, అచ్చం కట్టె దిమ్మె. తీగల కింద అయస్కాంతాలు పెట్టి కరెంటుతో పలికిస్తారు. మరి కట్టె ఏదైతేనేం అని అడిగాను.

"చరిత్ర ఉన్న కట్టె వేరు, మిస్త్రీ గారూ. అది అన్నీ గుర్తుపెట్టుకుంటుంది" అన్నాడు.

మంచిదే. ఫ్యాక్టరీలో మనుషులనే ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, కట్టె అయినా పెట్టుకుంది. ఇరవై నాలుగు గిటార్లు మాత్రమే చేస్తారట, ఇరవై ఐదోది ఎవరడిగినా చేయరట. గిరాకీ ఉండి కూడా చేయకపోవడం ఒక వ్యాపారమని ఆరోజే తెలిసింది.

ఎదురుగా మిషన్ పక్కన గెస్ట్‌హౌస్ దూలం పడి ఉంది. వంశీ కాగితం తీసి చదివాడు. ఇది మొదటి సీజన్ నాటి బర్మా టేకు దూలమని, ఆ ఫ్యాక్టరీ కార్పెంటర్‌గా నేను సాక్ష్యమిస్తున్నానని అందులో ఉంది. కింద నా సంతకానికి గీత గీసి పెట్టారు.

నేను కట్టె నునుపుచేసే రందాతో నల్లరంగు మీద ఒక పట్టు పట్టాను. లోపల మన సిరికొండ టేకు నవ్వింది.

"గీ కొస జర ఇటు తిప్పుండ్రి" అన్నాను. ఇద్దరు కూలీలు తిప్పారు. సున్నం గీకితే బాడిస, నంబరు బయటపడ్డాయి.

"అదేం గుర్తు?" అన్నాడు వంశీ.

"నాదే. గిది నేను ఎక్కించిన దూలం బిడ్డా. మొదటి సీజన్‌ది కాదు."

పిల్లగాడి ముఖం సున్నం అయిపోయింది. అక్కడితో ఆగితే నా పేరు రాజన్న ఎందుకవుతుంది? "అసలైంది కావాల్నంటే మా ఇంటి గడప సూడు. గేట్ పాస్ గూడ ఉన్నది" అన్నాను గొప్పగా.

మరునాడు పొద్దున్నే మా ఇంటి ముందు కారు ఆగింది. వంశీ వచ్చి గడపెక్కి నిలబడి టేపు తీశాడు. సాయవ్వ చాట పట్టుకుని బయటికొచ్చింది.

"ఓ బిడ్డా, ముందుగాల గడప దిగు. గది దాటేతందుకు పెట్టింది, కొలిసేతందుకు గాదు."

వంశీ దిగి, సంగతి చెప్పాడు. "దీని బదులు గ్రానైట్ గడప వేయిస్తామమ్మా. ఇంతకంటే చాలా అందంగా ఉంటుంది."

"గంత అందంగుంటే గిటారు దాంతోనే చేస్కోరాదు?"

తర్వాత నా వైపు తిరిగింది. "ఊరంత తిరిగి మనింటి కట్టెల సంగతి చెప్పుకుంట రా. రేపు నా రోకలి సంగతి గూడ చెప్పు, మల్లొక కారొస్తది."

గేట్ పాస్ చూపించాను. 'పనికిరాని కట్టె' అన్న మాట చదివి వంశీ కళ్లకద్దుకున్నంత పనిచేశాడు. ఆ తర్వాత అరుగు మీద కూలబడ్డాడు. పోస్టర్లు అచ్చయ్యాయట, కొనేవాళ్లకు మాటిచ్చేశారట. "మొదటి సీజన్ కట్టె అని మా సారుకు చెప్పింది నేనే తాతా. కాదని తెలిస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారు. గడప ఇస్తే దాని తునకలు ఒక్కో గిటారులో పొదుగుతాం. లేదంటే ఆ కాగితం మీద సంతకం పెట్టండి. మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు" అన్నాడు.

పాపమనిపించింది. ఒక్క సంతకంతో వాడి ఉద్యోగం నిలబడుతుంది, మా గడపా నిలబడుతుంది. కొనేవాడెవడో గిటారు విరగ్గొట్టి టేకు జాతి చూడబోడు. నిజం చెప్పాలంటే నా చేయి పెన్ను మీదికి పోయింది కూడా.

సాయవ్వ చూసింది. "ఎవలికి కనబడని కాడ నిజం చెక్కినవు. గిప్పుడు అందరు సూసేకాడ అబద్ధం గీస్తవా?" అంది.

పెన్ను కింద పెట్టాను. ఆమె వంశీకి చాయ్ ఇచ్చి పక్కనే కూర్చుంది. "నీకు పాత కట్టె కావాల్నా, కట్టె కథ కావాల్నా?"

"కథే అమ్మా. కట్టె కంటే దానికే గిరాకీ."

"కథైతే గీయన చెప్తడు. ఆపమన్నా ఆపడు."

అలా ఉన్నదున్నట్టు చెప్పాను. పుచ్చిన దూలం, సిరికొండ టేకు, నల్లరంగు, దాచిన గుర్తు, అన్నీ. వంశీ రాసుకుని వాళ్ల సారుకు ఫోన్‌లో చదివి వినిపించాడు. అవతలి గొంతు నాకూ వినబడింది. ఆయన పొంగిపోయి, ఆ మిస్త్రీ ఇంకా బతికే ఉన్నాడా అని అడిగాడు. ఉన్నానని వంశీ చెప్పేసరికి గొంతు కొంచెం తగ్గినట్టనిపించింది. పోయి ఉంటే గిటారు ధర ఇంకాస్త పెరిగేదేమో.

నేను చెప్పిందే కాగితం మీద రాయించి, చదివించుకుని, సంతకం పెట్టాను. పోతూ పోతూ వంశీ గడప లోపలివైపు వదిలేసిన టేపు కోసం వచ్చి, ఈసారి గడప దాటి వెళ్లాడు, తొక్కకుండా.

ఆరు నెలలకు అద్దం కట్టిన కాగితం ఒకటి పోస్టులో వచ్చింది. అంతా ఇంగ్లీషే. పక్కింటి టీచరమ్మ చదివి చెప్పింది: ఈ గిటారు కట్టె 'మహా శిల్పి రాజన్న' స్వయంగా చెక్కి నిలిపిన దూలం నుంచి తీసిందట. నాలుగుసార్లు తప్పిన పరీక్ష కూర్చున్నచోటే పాసయ్యాను. ప్రతి గిటారు వీపు మీద నా బాడిస గుర్తు వేశారు, మిషన్‌తో. వంశీ ఉద్యోగం నిలిచింది. ఫోన్‌లో ఒక గిటారు వాయించి వినిపించాడు. బాయిలర్ ఆవిరి వదిలినప్పటి రొద గుర్తొచ్చింది.

సాయవ్వ చెవిలోంచి వేలు తీసి, "గెస్ట్‌హౌస్‌ల ఉన్నన్ని దినాలు గా కట్టె నిమ్మలంగుండె" అంది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది రెండు మాటలు. సంతకం పెట్టమని కాగితమిస్తే, ముందు కట్టెను తిప్పి దాని కొస చూడాలి. నిజం చెప్పాలి, దాంతోపాటు ఇంటి అడ్రసు చెప్పకూడదు. అంతే.

ఇంతసేపూ కూర్చుని విన్నారు. మీ ఇంట చాయ్‌లో చక్కెర తక్కువ కాకుండా, మీ గడప మీద పసుపు ఆరకుండా, దాన్ని కొలవడానికి టేపు పట్టుకుని ఎవరూ రాకుండా, మీ ఇంటిల్లిపాదీ దాన్ని దాటుతూ చల్లగా ఉండండి.