నంబరు పక్కన పేరు

జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల సంగతి చూసేది నేనే. ఏ కంప్యూటర్లో ఏ పని జరిగినా ఒక లాగ్‌లో నమోదవుతుంది: సమయం, చేసిన పని, చేసినవాళ్ల లాగిన్ నంబరు. ఆ లాగ్‌లన్నిటినీ పోగేసి రిపోర్టు తీసే సిస్టమ్ ఒకటి కొత్తగా పెట్టాం. రిపోర్టు నిండా నంబర్లే. నంబర్లు చూసి ఎవరూ ఎవరి మీదా కోప్పడలేదు.

పేర్లు కావాలన్నారు మేనేజర్ గారు. అదేమంత కష్టం కాదు. ఉద్యోగుల పేర్లు, విభాగాలు, లాగిన్ నంబర్లు ఉండే డైరెక్టరీ సర్వర్ మాకు ఎప్పట్నుంచో ఉంది. రోజూ పొద్దున్నే ఆ జాబితాను లాగ్ సిస్టమ్ దిగుమతి చేసుకునేలా ఏర్పాటు చేశాను. నాలుగు రోజుల పని. ఐదో రోజు ప్రతి నంబరు పక్కనా ఒక పేరు, ఒక విభాగం, ఏదైనా రాసుకోవడానికి ఒక వ్యాఖ్యల గడి. నా పనితనానికి నేనే మురిసిపోయి ఇద్దరు ముగ్గురిని పిలిచి మరీ చూపించాను.

కాటా గది గురించి ఇక్కడ చెప్పాలి. వచ్చే లారీని, పోయే లారీని తూకం వేసే చోటది. పొద్దున్న అక్కడికి అందరికంటే ముందు వచ్చేది చందర్లపాడు నుంచి వచ్చే ఒక అమ్మాయి. ఇద్దరు పిల్లల తల్లి, కాంట్రాక్టు ఉద్యోగం. నందిగామలో బస్సు మారేది. నేనూ అక్కడే ఎక్కుతాను కాబట్టి అన్నయ్యా అని పలకరించేది. కంప్యూటర్‌ని ఆమె తన లాగిన్‌తో తెరిస్తే, సాయంత్రం దాకా దాని మీదే ఎవరు కూర్చుంటే వాళ్లు తూకాలు ఎక్కించేవాళ్లు. మనిషి మారినప్పుడల్లా లాగిన్ మారుస్తూ కూర్చుంటే లారీల వరస గేటు దాటి రోడ్డెక్కుతుంది మరి. ఆ పద్ధతి ఆమె పెట్టింది కాదు. కొత్తలో ఆమె భోజనానికి లేచినప్పుడల్లా తన లాగిన్ మూసి వెళ్లేది. "అట్లా వదిలేయమ్మా, ఏం కాదు" అన్నది నేను.

పేర్లు వచ్చిన రెండో వారం మేనేజర్ గారు రిపోర్టు ముందేసుకుని నన్ను పిలిచారు. అనుమతి లేకుండా కొన్ని తూకాలు చెరిపేసి ఉన్నాయి. అన్నిటి పక్కనా ఆమె పేరే. ఒకే లారీ పొరపాటున రెండుసార్లు తూగితే ఒకదాన్ని చెరపడం అక్కడ అందరికీ అలవాటే గనక, ఏది ఎవరు చెరిపారో తేలేది కాదు. కానీ వాటిలో రెండిటి సమయం చూడగానే నాకు అర్థమైపోయింది. ఒంటిగంట దాటాక చెరిపినవి. ఆ వేళ ఆమె క్యాంటీన్‌లో క్యారేజీ విప్పుకుని ఉంటుంది. ఆ రోజు కాటా మొరాయిస్తే చూడ్డానికి వెళ్లింది నేను. ఖాళీ లారీని ఎక్కించి రెండుసార్లు తూచి చూసి, తెరిచి ఉన్న ఆమె లాగిన్‌లోనే ఆ రెండూ చెరిపేసి వచ్చింది కూడా నేనే.

"సిస్టమ్ తప్పు చూపిస్తుందా?" అని అడిగారాయన.

నా పని దొంగకు తేలు కుట్టినట్టయింది. నోరు విప్పితే చెరిపిన సంగతీ, లాగిన్ వదిలేయమన్న సంగతీ రెండూ బయటపడతాయి. "చూపించదండి" అన్నాను. అబద్ధం ఆడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను కూడా. నేనిచ్చిన పేరే అది చూపించింది, దాని తప్పేముంది? అంత సిగ్గుమాలిన సమాధానం నాకు నేను ఇంకెప్పుడూ చెప్పుకోలేదు.

సోమవారం నుంచి రావద్దని కాంట్రాక్టరు చేత ఆమెకు చెప్పించారు. బస్టాండులో ఎదురుపడుతుందేమోనని భయపడి నేను కొన్నాళ్లు బస్సు మానేసి బండి మీద వెళ్లాను.

రెండు నెలల తర్వాత ఆధార్ కాపీల కోసం నందిగామలో ఒక జెరాక్స్ షాపుకి వెళితే మిషన్ దగ్గర ఆమే ఉంది. నవ్వింది. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను గానీ, ఆమె అప్పటికే కాపీ తీయడానికి చెయ్యి చాచింది. కాగితాలు నా చేతిలో పెడుతూ మెల్లిగా అంది:

"నేనే చెరిపి మర్చిపోయానేమో అన్నయ్యా. నాకైతే గుర్తు లేదు. కానీ సిస్టమ్ తప్పు చూపించదని మీరే చెప్పారంటగా. మీరు చెప్పాక ఇంకేముంటుంది?"

తిట్టినా బాగుండేది. ఉద్యోగం పోవడానికి కారణమయ్యానన్నది ఒక ఎత్తు. తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేకుండా చేశానన్నది ఇంకో ఎత్తు. నా మీద నాకే అసహ్యం వేసింది. అప్పుడైనా చెప్పాల్సింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు ఆఫీసులో డైరెక్టరీ తెరిచాను. మూసేసిన ఆమె ఖాతా ఇంకా అందులోనే ఉంది. వ్యాఖ్యల గడిలో ఇలా రాశాను: ఈ లాగిన్ కాటా గదిలో అందరూ వాడారు. వాడమన్నది నేను. ఒంటిగంట దాటాక రెండు తూకాలు చెరిపింది నేను. కింద నా పేరు పెట్టాను. ఆ తర్వాతి దిగుమతితో ఆ మాటలు ఆమె పేరున్న ప్రతి చోటికీ వచ్చి చేరాయి. మేనేజర్ గారు చదివారు. నాకు మెమో ఇచ్చారు. ఆమెను మళ్లీ పిలిపించమని అడిగితే, ఆ కుర్చీ వేరేవాళ్లకు ఇచ్చి నెల దాటిందన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

మేనేజర్ గారికి తెలిసింది, సిస్టమ్‌కి తెలిసింది. ఆమెకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఇప్పుడు ఏ కాపీ కావాల్సి వచ్చినా ఆ షాపు దాటుకుని బస్టాండు అవతలి షాపుకి వెళ్తున్నాను. సాయంత్రం చందర్లపాడు బస్సులో కూర్చుని, ఆ తూకాలు తనెప్పుడు చెరిపిందా అని ఆమె ఇంకా గుర్తు తెచ్చుకుంటూనే ఉండి ఉంటుంది.